అబార్షన్ చట్టం: పార్లమెంటు చర్చ నుంచి ఆసుపత్రి గది దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

పార్లమెంటులో ఈ విషయం చర్చకు వచ్చినా, సుప్రీంకోర్టు ఏదైనా తీర్పు ఇచ్చినా కొన్ని రోజులపాటు అవే సందేహాలు మళ్లీ వస్తాయి. కొన్ని చట్టం గురించి, కొన్ని ఆసుపత్రిలో ఎవరో చెప్పి పంపిన మాట గురించి. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. పై నుంచి చదువుకుంటూ రానక్కరలేదు.

## చట్టం, సభలో చర్చ

అబార్షన్ మన దేశంలో నేరమా, హక్కా?

పూర్తిగా నేరమూ కాదు, పూర్తిగా హక్కూ కాదు. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 312వ సెక్షను గర్భస్రావం చేయించడాన్ని నేరంగా పెట్టింది. స్త్రీ ప్రాణం నిలబెట్టడానికి సదుద్దేశంతో చేసిన దానికే మినహాయింపు ఇచ్చింది. తనంతట తాను గర్భం పోగొట్టుకున్న స్త్రీ కూడా ఆ సెక్షను పరిధిలోకే వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఇదే నిబంధన 88వ సెక్షనుగా కొనసాగుతోంది. 

1971 నాటి మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టం, అంటే అందరూ ఎంటీపీ చట్టం అనేది, ఈ నేరానికి మినహాయింపులు చెబుతుంది. ఫలానా షరతులు పాటించిన రిజిస్టర్డ్ వైద్యుడు నేరం చేసినట్టు కాదు అన్నది దాని 3వ సెక్షను సారం. అంటే చట్టం ముందుగా రక్షణ ఇచ్చింది డాక్టరుకు. స్త్రీ తాను కోరుకున్నందుకే పొందగలిగే సేవగా దీన్ని రాయలేదు. మన చట్టం చాలా ఉదారమైనదని సభలో ఎవరైనా అన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 

కోర్టులు వేరే దారిలో నడిచాయి. సుచితా శ్రీవాస్తవ కేసులో 2009లో సుప్రీంకోర్టు, బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పింది.

1971లోనే ఇంత ముందుచూపుతో చట్టం ఎలా చేశారు?

ముందుచూపుతో పాటు అప్పటి జనాభా భయమూ ఉంది. నాటు పద్ధతుల్లో గర్భం తీయించుకుని స్త్రీలు చనిపోతున్నారని 1964లో కేంద్రం శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసింది. 1966లో ఆ కమిటీ చట్టాన్ని సడలించాలని సిఫారసు చేసింది. 1960ల చివర్లో కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ వ్యవహారాలు చూసిన మంత్రుల్లో ఒకరైన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ దీన్ని గట్టిగా సమర్థించారు. ఆయన పుట్టింది రాజమండ్రిలో. బిల్లు 1971లో ఉభయ సభల ఆమోదం పొంది, 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

బిల్లు ఉద్దేశాలలో ప్రభుత్వం మూడు కారణాలు చెప్పుకుంది: స్త్రీ ఆరోగ్యం, అత్యాచారం వంటి సందర్భాల్లో మానవతా దృష్టి, వైకల్యంతో బిడ్డ పుట్టే ప్రమాదం. స్త్రీ ఇష్టం అన్నది వాటిలో లేదు. కుటుంబ నియంత్రణ కోసం కాదని ప్రభుత్వం చెప్పింది కానీ, గర్భనిరోధక సాధనం విఫలమైతే అబార్షన్‌కు వీలు కల్పించి, దాన్ని వివాహిత స్త్రీకే పరిమితం చేసింది. పిల్లల సంఖ్య తగ్గించుకునే దంపతులను దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యమది. దాన్ని మార్చడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇరవై వారాల గడువును ఇరవై నాలుగుకు ఎందుకు పెంచారు?

1971లో ఇప్పటి స్థాయి స్కానింగు లేదు. ఇప్పుడు పిండంలోని లోపాలను వెతికే స్కానును సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య చేస్తారు. అందులో గుండె లోపమో మెదడు లోపమో అనుమానం వస్తే, మరో పరీక్ష చేయించి ఖాయం చేసుకునేలోపే పాత గడువు దాటిపోయేది. 2008లో ముంబయికి చెందిన దంపతులు పిండానికి గుండె లోపం ఉందని తెలిసి బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. అప్పటికే 24 వారాలు దాటాయి. కోర్టు అనుమతి ఇవ్వలేదు. ఆ తర్వాత దేశమంతటా ఇలాంటి పిటిషన్లు పెరిగాయి. ఒక్కొక్కరికి విడిగా అనుమతి ఇస్తూ పోవడం కోర్టులకూ భారమైంది. 2014లో ఆరోగ్య శాఖ సవరణ ముసాయిదా తయారు చేసింది కానీ అది సభ దాకా రాలేదు. చివరికి 2020 మార్చిలో బిల్లు లోక్‌సభకు వచ్చింది.

2021లో రాజ్యసభలో ప్రతిపక్షం ఎందుకు అడ్డుపడింది? గడువు పెంచడం ఇష్టం లేకనా?

కాదు. ఎక్కువ మంది సభ్యులు గడువు పెంపును సమర్థించారు. వారి అభ్యంతరం బిల్లు చేయకుండా వదిలేసిన వాటి మీద. మొదటిది, స్త్రీ కోరికే ఆధారంగా మొదటి వారాల్లోనైనా అబార్షన్‌కు వీలు కల్పించలేదు. ఎప్పుడైనా డాక్టరు అభిప్రాయమే కావాలి. రెండోది, 24 వారాలు దాటితే మెడికల్ బోర్డు అన్నారు. అందులో గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు ఉండాలి. గ్రామీణ ప్రాంతాల్లో ఈ నిపుణుల కొరత అందరికీ తెలిసిందే. మూడోది, ఎవరెవరికి 24 వారాల వెసులుబాటు అన్నది చట్టంలో రాయకుండా తర్వాత వచ్చే నియమాలకు వదిలేశారు.

బిల్లును మరింత పరిశీలించడానికి సభ్యులతో వేసే సెలెక్ట్ కమిటీకి పంపాలన్న డిమాండును సభ అంగీకరించలేదు. 2021 మార్చి 16న బిల్లు ముజువాణి ఓటుతో నెగ్గింది. లోక్‌సభలో అంతకు దాదాపు ఏడాది ముందు, 2020 మార్చి 17న నెగ్గింది. రాష్ట్రపతి ఆమోదం 2021 మార్చి 25న, అమలు సెప్టెంబరు 24 నుంచి, నియమాలు అక్టోబరు 12న. నా మటుకు నాకు ప్రతిపక్షం చెప్పిన రెండో అభ్యంతరమే అన్నింటికన్నా బరువైనదిగా కనిపిస్తుంది. సభలో ఎక్కువ మాటలు వారాల మీద ఖర్చయ్యాయి. జిల్లా ఆసుపత్రికి వెళ్లిన స్త్రీకి ఎదురయ్యే చిక్కు ఆ పని చేసే డాక్టరు అక్కడ లేకపోవడం.

మా ఎంపీ అనుకూలంగా ఓటు వేశారో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఈ సవరణ విషయంలో తెలియదు. ముజువాణి ఓటులో 'అవును', 'కాదు' అన్న గొంతులు విని సభాధ్యక్షులు ఫలితం చెబుతారు. ఎవరు ఎటు అన్నది నమోదు కాదు. సభ్యులు పట్టుబట్టి డివిజన్ అడిగితేనే పేర్లవారీగా లెక్క ఉంటుంది. మీ ఎంపీ చర్చలో మాట్లాడి ఉంటే ఆ ప్రసంగం పార్లమెంటు వెబ్‌సైటులోని సభా చర్చల్లో దొరుకుతుంది.

రాష్ట్ర ప్రభుత్వం ఈ చట్టాన్ని మార్చుకోవచ్చా?

వారాల గడువు, షరతులు పార్లమెంటు చేసినవి. దేశమంతటికీ ఒకటే. కానీ ఆసుపత్రులు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రులకు అనుమతి ఇచ్చే జిల్లా కమిటీలు, మెడికల్ బోర్డులు, డాక్టర్ల నియామకాలు, శిక్షణ అన్నీ రాష్ట్రం పనే. కాబట్టి సేవ దొరకడం లేదన్న ఫిర్యాదు ఢిల్లీకి కాదు, మీ ఎమ్మెల్యేకూ జిల్లా వైద్యాధికారికీ చేరాలి.

వేరే దేశాల పార్లమెంట్లు ఎలా తేల్చుకున్నాయి?

ఒక్కో దేశానిది ఒక్కో దారి. బ్రిటన్‌లో 1967 చట్టం ప్రభుత్వం కాకుండా డేవిడ్ స్టీల్ అనే సభ్యుడు సొంతంగా తెచ్చిన ప్రైవేటు బిల్లు. 2025 జూన్‌లో అక్కడి దిగువ సభ కామన్స్, ఇంగ్లండ్, వేల్స్‌లలో తన గర్భం తొలగించుకున్న స్త్రీపై కేసు ఉండకూడదన్న సవరణను 379–137 ఓట్లతో బలపరిచింది. ఐర్లండ్ 2018లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే 66.4 శాతం నిషేధం ఎత్తివేయాలన్నారు. ఫ్రాన్సు 2024 మార్చి 4న ఉభయ సభల ఉమ్మడి సమావేశంలో 780–72 ఓట్లతో అబార్షన్ చేయించుకునే స్వేచ్ఛను రాజ్యాంగంలోకే ఎక్కించింది. అమెరికాలో 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అబార్షన్ హక్కుకు ఉన్న పాత రక్షణను తొలగించడంతో నిర్ణయం రాష్ట్రాలకు పోయింది. ఆ దేశంలో నడిచే గొడవను మన చట్టానికి అంటగట్టి చూస్తే అర్థం కాదు. ఇక్కడ ఏ పెద్ద పార్టీ కూడా ఎంటీపీ చట్టాన్ని రద్దు చేయాలని అడగడం లేదు.

## గడువు, అర్హత

వారాలను ఏ రోజు నుంచి లెక్కపెడతారు?

చివరి నెలసరి మొదటి రోజు నుంచి. గర్భం నిలిచిన రోజు నుంచి కాదు. అందువల్ల నెల తప్పిందని గమనించేసరికే నాలుగు, అయిదు వారాలు లెక్కలోకి వచ్చేస్తాయి. నెలసరి క్రమంగా రాని వాళ్లకు, తేదీ గుర్తులేని వాళ్లకు స్కానింగు ద్వారా వారాలు అంచనా వేస్తారు.

ఇరవై వారాల లోపు ఏ కారణం చెప్పాలి?

గర్భం కొనసాగితే స్త్రీ ప్రాణానికి ముప్పు ఉన్నా, శారీరక లేదా మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని కలిగేలా ఉన్నా, బిడ్డకు తీవ్రమైన వైకల్యం వచ్చే ప్రమాదం ఉన్నా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచారం వల్ల వచ్చిన గర్భమైతే మానసిక హాని ఉన్నట్టే చట్టం భావిస్తుంది. స్త్రీ గానీ ఆమె భాగస్వామి గానీ వాడిన గర్భనిరోధక సాధనం విఫలమైనప్పుడు కూడా అలా భావించవచ్చు. ఈ చివరి వాక్యంలో 2021 దాకా 'వివాహిత', 'భర్త' అన్న మాటలుండేవి. ఇప్పుడు 'ఏ స్త్రీ అయినా', 'భాగస్వామి' అని ఉన్నాయి. ఆచరణలో మొదటి మూడు నెలల్లో వచ్చే అబార్షన్లలో ఎక్కువ భాగం దీని కిందే జరుగుతాయి.

ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య ఎవరికి వీలుంది?

ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. నియమాలు చెప్పిన వారు: లైంగిక దాడికి, అత్యాచారానికి, రక్తసంబంధీకుల అఘాయిత్యానికి గురైనవారు, మైనర్లు, గర్భవతిగా ఉండగా భర్త చనిపోవడమో విడాకులో జరిగి వైవాహిక స్థితి మారినవారు, తీవ్రమైన శారీరక వైకల్యం ఉన్నవారు, మానసిక అనారోగ్యం ఉన్నవారు, పిండంలో తీవ్ర లోపం ఉన్నట్టు తేలినవారు, ప్రభుత్వం ప్రకటించిన విపత్తు లేదా అత్యవసర పరిస్థితిలో చిక్కుకున్నవారు.

నాకు పెళ్లి కాలేదు. ఆసుపత్రిలో కుదరదన్నారు. నిజమేనా?

నిజం కాదు. పెళ్లి అయిందా లేదా అన్నది చట్టం ముందు అడ్డంకి కాదు. 2022లో 25 ఏళ్ల అవివాహితకు సుమారు 23 వారాల గర్భం ఉండగా ఢిల్లీ హైకోర్టు నిరాకరించింది. సుప్రీంకోర్టు ఆమెకు వీలు కల్పించి, 2022 సెప్టెంబరు 29న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం వివరంగా తీర్పు ఇచ్చింది. 20–24 వారాల వెసులుబాటును పెళ్లయిన వారికే పరిమితం చేయడం సమానత్వానికి విరుద్ధమని తేల్చింది. సహజీవనంలో విడిపోయిన స్త్రీ పరిస్థితి కూడా వైవాహిక స్థితి మారినట్టే అర్థం చేసుకోవాలని చెప్పింది. 'మంగళసూత్రం లేదేమిటి' అని రిసెప్షనులో అడిగే ప్రశ్నకు చట్టంలో చోటు లేదు.

భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భమైతే అత్యాచారం కింద లెక్కిస్తారా?

అబార్షన్ వరకు లెక్కిస్తారు. శిక్షా చట్టంలో భర్తకున్న మినహాయింపు అలాగే ఉంది. కానీ ఎంటీపీ నియమాల్లోని 'అత్యాచారం' అన్న మాటలో భర్త చేసినది కూడా కలుస్తుందని సుప్రీంకోర్టు 2022 తీర్పులో స్పష్టం చేసింది. దీనికోసం భర్త మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయించనక్కరలేదు.

ఇరవై నాలుగు వారాలు దాటిపోయాయి. ఇక దారి లేదా?

రెండు దారులు చట్టంలోనే ఉన్నాయి. పిండంలో గణనీయమైన లోపం ఉందని మెడికల్ బోర్డు చెబితే వారాల గడువు ఏదీ వర్తించదు. అడిగిన మూడు రోజుల్లో బోర్డు తన అభిప్రాయం చెప్పాలని నియమాలున్నాయి. రెండోది, స్త్రీ ప్రాణం కాపాడడానికి వెంటనే చేయాల్సి వస్తే ఏ వారంలోనైనా చేయవచ్చు. అప్పుడు ఒక్క డాక్టరు అభిప్రాయం సరిపోతుంది.

ఈ రెండూ కాకపోతే మిగిలేది హైకోర్టులో రిట్ పిటిషన్. ఫలితం ముందే చెప్పలేం. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి, ప్రసవానంతర మానసిక సమస్యతో బాధపడుతూ 26 వారాల గర్భంతో వస్తే సుప్రీంకోర్టు మొదట అనుమతించింది. తర్వాత ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయానికి వచ్చారు. చివరికి అక్టోబరు 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం నిరాకరించింది. 2024 ఏప్రిల్‌లో అత్యాచారానికి గురైన పద్నాలుగేళ్ల బాలికకు దాదాపు 30 వారాల దగ్గర అనుమతించి, ఆమె ఆరోగ్యంపై తల్లిదండ్రుల ఆందోళన విన్నాక వారం తర్వాత ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. కోర్టులో గడిచే ప్రతి రోజూ వారాల లెక్కలో కలుస్తుంది కాబట్టి, వెళ్లాలనుకుంటే ఆలస్యం చేయకూడదు. జిల్లా న్యాయ సేవల సంస్థ స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

## ఆసుపత్రిలో

మా ఆయన సంతకం లేకపోతే చేయబోమంటున్నారు. అది చట్టమా?

కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలు. భర్తది, అత్తమామలది, తల్లిదండ్రులది ఎవరిదీ అక్కరలేదు. మైనరుకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రం సంరక్షకుల లిఖిత సమ్మతి కావాలి. అయినా ఈ ప్రశ్న వచ్చినన్ని సార్లు మరేదీ రాదు. తర్వాత భర్త వచ్చి గొడవ చేస్తాడని ఆసుపత్రులు ముందుజాగ్రత్తగా సంతకం అడుగుతున్నాయి. ఆ భయం వాళ్లది. దాని బరువు మాత్రం స్త్రీ మీద పడుతోంది. చట్టంలోని ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడిగి చూడండి. చాలాసార్లు ఆ అవసరం ఉన్నట్టుండి తీరిపోతుంది.

మా ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు ఉన్నాడు. ఆయన దగ్గర చేయించుకోవచ్చా?

వద్దు. మన ఊళ్లలో ఆర్ఎంపీ అని పిలిచేది సాధారణంగా వైద్య పట్టా లేని వైద్యుణ్ణి. చట్టం చెప్పే రిజిస్టర్డ్ వైద్యుడు మెడికల్ కౌన్సిల్‌లో నమోదై, గైనకాలజీలో చదువో అనుభవమో ఎంటీపీ శిక్షణో ఉన్న డాక్టరు. ఆ అర్హత లేనివారు గర్భం తొలగిస్తే రెండు నుంచి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష. అనుమతి లేని చోట చేసినా అంతే. ప్రభుత్వ ఆసుపత్రికి విడిగా అనుమతి అవసరం లేదు. ప్రైవేటు ఆసుపత్రి జిల్లా కమిటీ అనుమతి పత్రాన్ని అందరికీ కనిపించేలా గోడకు పెట్టాలి. వెళ్లగానే అది చూడండి.

మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకుంటే సరిపోదా?

మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనే ఈ రెండు మందులను డాక్టరు చీటీ మీదే అమ్మాలి. నియమాల ప్రకారం తొమ్మిది వారాల లోపు గర్భానికి డాక్టరు వీటిని రాయవచ్చు. ఆచరణ వేరు. 2015 నాటి పరిస్థితిపై లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం దేశంలో ఏడాదికి 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయని, వాటిలో 73 శాతం ఆసుపత్రుల బయట మాత్రలతో జరిగాయని అంచనా వేసింది. సభలో ఎంత సేపు వాదించినా, ఎక్కువ మంది స్త్రీలు చట్టం గీసిన గీతకు అవతలే ఉన్నారన్నమాట.

వైద్యపరంగా, సరైన వారాల్లో, సరైన మోతాదులో ఇవి సురక్షితమైన మందులే. ప్రమాదం వారాలు తప్పుగా లెక్కపెట్టడంలో, గర్భాశయం బయట నిలిచిన గర్భాన్ని గుర్తించకపోవడంలో ఉంది. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసేలా వరసగా రెండు గంటలు రక్తం పోయినా, తగ్గని జ్వరం వచ్చినా, కడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి ఉన్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.

అమ్మాయికి పదహారేళ్లే. తీసుకెళ్తే పోలీసులకు చెబుతారా?

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం మైనరు గర్భం గురించి తెలిసిన డాక్టరు పోలీసులకు సమాచారం ఇవ్వాలి. ఈ భయంతోనే చాలా కుటుంబాలు నాటు వైద్యం వైపు వెళ్తాయి. అందుకే 2022 తీర్పులో సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది: అమ్మాయి లేదా సంరక్షకులు కోరితే డాక్టరు ఆ సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయనక్కరలేదు. ఈ సంగతి తెలియని డాక్టర్లు చాలామంది. తీర్పు ప్రతి చేతిలో పెట్టుకుని వెళ్లడం మంచిది.

నా పేరు బయటికి వస్తుందా?

రాకూడదు. చట్టంలోని 5ఏ సెక్షను ప్రకారం, చట్టం అధికారం ఇచ్చిన వ్యక్తికి తప్ప మరెవరికైనా డాక్టరు వివరాలు చెబితే ఏడాది దాకా జైలు, జరిమానా లేదా రెండూ.

ఆడపిల్లని తెలిసి తీయించుకుంటారని అనుమానించి డాక్టరు వెనక్కి పంపారు. ఏం చేయాలి?

పిండం ఆడా మగా తేల్చడాన్ని నిషేధించేది 1994 నాటి వేరే చట్టం. అబార్షన్‌కు వీలిచ్చేది ఎంటీపీ చట్టం. రెండింటినీ కలగలిపి, మూడో నెల దాటి వచ్చిన ప్రతి స్త్రీనీ అనుమానంగా చూసే అలవాటు చాలాచోట్ల ఉంది. తనిఖీలకు భయపడే డాక్టరుకు నిరాకరించడం తేలిక. అనుమతి ఉన్న మరో ఆసుపత్రికో, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లండి. లింగ నిర్ధారణ చేయించుకోకపోతే మీరు దాచాల్సింది ఏమీ లేదు.

ఉద్యోగం చేస్తున్నాను. సెలవు వస్తుందా?

వస్తుంది. ప్రసూతి ప్రయోజన చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోని ప్రసూతి నిబంధనలు వర్తించే సంస్థల్లో గర్భస్రావం లేదా ఎంటీపీ తర్వాత ఆరు వారాల వేతన సెలవు ఉంది. వైద్య ధ్రువపత్రం ఇవ్వాలి.

## తేలకుండా ఉన్నవి

పార్లమెంటు మళ్లీ ఈ చట్టాన్ని ముట్టుకుంటుందా? ఏం మారాలి?

1971 తర్వాత 2002లో ఒకసారి, 2021లో ఒకసారి సవరించారు. మళ్లీ చర్చకు వస్తే మూడు విషయాలు తప్పించుకోలేనివి. న్యాయ సంహిత 88వ సెక్షనులో స్త్రీని నేరస్థురాలిగా ఉంచాలా అన్నది ఒకటి. మొదటి పన్నెండు వారాల్లోనైనా డాక్టరు కారణం వెతకకుండా స్త్రీ కోరితే చాలు అనవచ్చా అన్నది రెండోది. మూడోది ఎవరు చేయాలన్నది. శిక్షణ పొందిన నర్సులకూ ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో వంటి) వైద్యులకూ తొలి వారాల్లో మాత్రలు ఇచ్చే అధికారం ఇవ్వాలని 2014 ముసాయిదాలో ఉంది. వైద్యుల సంఘాలు ఒప్పుకోలేదు. 2020 బిల్లులో ఆ మాటే లేదు. గడువును ఇంకో నాలుగు వారాలు పెంచడం కన్నా ఈ మూడోదే మండల కేంద్రంలో ఉన్న స్త్రీకి ఎక్కువ ఉపయోగపడుతుందని నేను అనుకుంటాను. అది వచ్చేదాకా, ఎంబీబీఎస్ డాక్టర్లకు పన్నెండు వారాల లోపు శిక్షణ ఇప్పించడానికి రాష్ట్రాలకు ఏ కొత్త చట్టమూ అక్కరలేదు. ఇప్పుడున్న నియమాలే చాలు.